చప్పుడు వద్దన్న రాజు

అనగా అనగా, ఎటు చూసినా చెరకు తోటలే కనిపించే ఒక రాజ్యం. దాని పేరు తీపిదుర్గం. అక్కడ గాలి వీచినా బెల్లం వాసనే, వాన కురిసినా బెల్లం వాసనే. అలాంటి చోట పుట్టినవాళ్ళు ఎంత అదృష్టవంతులో అనుకుంటున్నారు కదూ? కాస్త ఆగండి. చెరకు ఉన్న చోట ఎలుకలు చేరతాయి. ఎలుకలు ఉన్న చోట పాములు చేరతాయి. నాగుపాములు, రక్తపింజరులు, కట్లపాములు, అన్నీ ఆ తీపిదుర్గంలో కాపురం ఉండేవి.

అయినా జనం హాయిగానే బతికారు. ఎలాగంటారా? చప్పుడు చేసుకుంటూ బతికారు.

వీధిలో నడిస్తే కాళ్ళకు కిర్రుచెప్పులు. కట్టెల మోపులో చెయ్యి పెట్టాలంటే ముందుగా కర్రతో నేలమీద నాలుగు దెబ్బలు. చెరకు నరకడానికి తోటలో దిగాలంటే గట్టుమీద డప్పు మోత. దాని వెనకే పదిమంది కలిసి ఒక్క కేక: "ఓహోయ్! వచ్చేత్తన్నాం! తప్పుకోండ్రోయ్!"

పాములకు మనలాంటి చెవులు లేవు. నేల అదిరితే వాటి ఒంటికి తెలుస్తుంది. పుట్టలో ఉండే ముసలి నాగు తన పిల్లలకు ఇలా చెప్పేది: "నేల అదిరిందంటే మనుషులు వస్తున్నారని గుర్తు. వాళ్ళు మనకు తిండికీ పనికిరారు, స్నేహానికీ పనికిరారు. జరగండి, పక్కకు జరగండి."

పాములు జరిగేవి. మనుషులు నడిచేవారు. ఎవరి దారి వారిది.

ఇలా ఉండగా ఆ రాజ్యానికి కోమలవర్మ అనే రాజు వచ్చాడు. పేరుకు తగ్గట్టే ఆయన చెవులు మహా కోమలం. గోడమీద బల్లి నడిచినా ఆయనకు వినిపించేది. రాజుగారివి పాము చెవులని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట పాములు వింటే నవ్వి ఉండేవి. రాజుకు ఒక మంత్రి ఉన్నాడు, అనుకూలయ్య. రాజు నోరు తెరవబోతుండగానే "చిత్తం ప్రభూ" అనేసే రకం. రాజు ఆవలించినా చిత్తమే, తుమ్మినా చిత్తమే.

ఒక మధ్యాహ్నం రాజు భోజనం చేసి నడుం వాల్చాడు. వీధిలో ఎవరో కిర్రు కిర్రుమంటూ నడిచి వెళ్ళారు.

"మంత్రీ, ఏమిటా కిర్రు? మా నిద్ర పాడయింది."

"చిత్తం ప్రభూ! రేపటినుంచి కిర్రుచెప్పులు నిషేధం."

జనం చెప్పులు అటకమీద పెట్టేశారు. వట్టి కాళ్ళతో, పిల్లుల్లా నడవడం మొదలుపెట్టారు. కొద్దిరోజులకే, గానుగవాడు తెల్లారి పాకలోకి అడుగు పెట్టి నిర్ఘాంతపోయాడు. గానుగెద్దు నోట నురగలతో పడి ఉంది. దాని గిట్టల దగ్గర చుట్ట చుట్టుకుని కట్లపాము. రోజూ రాత్రి మేత వేయడానికి వచ్చే గానుగవాడి చెప్పుల కిర్రుకు లేచి పోయే పాము, ఆ రాత్రి ఎద్దు కాలు మీద పడేదాకా లేవలేదు. బంగారంలాంటి ఎద్దు మధ్యాహ్నానికి పోయింది.

పోనీ అప్పుడైనా రాజుకు తెలిసిందా? తెలియలేదు. ఎవరు చెబుతారు?

మరోనాడు రాజు పూలతోటలో కూర్చుని ఉంటే, పెరళ్ళలోంచి దబదబా కర్రల మోత వినబడింది.

"మంత్రీ..."

"చిత్తం ప్రభూ! కర్రలు నిషేధం."

చూశారా, ఆయన చెప్పకముందే నిషేధం! ఆ తరవాత కుమ్మరి ఎర్రయ్య, కుండలు కాల్చే ఆవం పెట్టడానికి కట్టెలు తీయబోయి మోపులో చెయ్యి పెట్టాడు. లోపల రక్తపింజరి ఉంది. అతని ప్రాణం దక్కింది కానీ మూడు వేళ్ళు పోయాయి. కుండలు చేసే చేతికి వేళ్ళు పోతే ఇంకేం మిగిలింది? అయినా పైకి ఒక్కరూ నోరెత్తలేదు.

ఇక మూడోది వినండి. చెరకు కోతల కాలం వచ్చింది. తోటల్లో డప్పులు మోగాయి. కోటలో రాజు రెండు చెవులూ మూసుకున్నాడు. అనుకూలయ్య వెంటనే చాటింపు వేయించబోయి, చాటింపు కూడా చప్పుడే కదా అని ఆగి, మనుషుల్ని ఇంటింటికీ పంపి చెవుల్లో చెప్పించాడు: "ఇకమీదట డప్పు మోగకూడదు. ఎవరూ కేక వేయకూడదు. కేక వేసినవాడు ఆ పొద్దు గుంకేలోగా రాజ్యం దాటిపోవాలి."

మర్నాడు నూకాలు, ఆమె మొగుడు సన్యాసి చెరకు నరకడానికి వెళ్ళారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కష్టజీవులు. ఆమె ఒక సాలు పట్టింది, అతను రెండు సాళ్ళ అవతల పట్టాడు. డప్పు లేదు, కేక లేదు. సన్యాసి చెరకు మొదలు పట్టుకుని వంగాడు. ఎదురుగా పడగ లేచింది!

ఇద్దరిలో ఎవరు ఎక్కువ అదిరిపడ్డారో చెప్పలేం. "అయ్యో, నువ్వెప్పుడొచ్చావు?" అంది నాగుపాము. అనేలోగానే కాలిమీద కాటు పడిపోయింది. పాముకూ గుండె దడే. చెరకు మొదళ్ళలో పడి, వెనక్కి తిరిగి చూడకుండా పారిపోయింది.

సన్యాసి నోరు తెరిచాడు. కేక గొంతు దాకా వచ్చింది. కేక వేస్తే రాజ్యం విడిచి పోవాలి. పాపం, తన నోటిమీద తనే చెయ్యి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. రెండు సాళ్ళ ఇవతల నూకాలు తన పాటికి తను చెరకు నరుకుతూనే ఉంది. మంచినీళ్ళు ఇద్దామని వచ్చి చూసేసరికి మొగుడి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఓలమ్మో! ఏటయింది మావా?" అంది, అదీ గొంతు నొక్కుకుని.

సన్యాసి కాలు చూపించాడు. నూకాలు కంగారు పడలేదు. పక్క సాళ్ళవాళ్ళను పిలుచుకొచ్చింది. కాలు కదలకుండా రెండు వైపులా వెదురుబద్దలు పెట్టి కట్టించింది. అతన్ని నడవనివ్వకుండా మంచె కింద పడుకోబెట్టించింది. మంత్రగాణ్ణి పిలుద్దామని ఎవరో అన్నారు. "ఆడొచ్చి పొగేసేతలికి నా మావ పొగైపోతాడు. వైద్యుడు గావాల" అని కోట వైపు పరుగెత్తింది. పాముకాటుకు మందు తెలిసినవాడు రాజ్యంలో ఒక్కడే, రాజవైద్యుడు. రాజు సెలవిస్తే తప్ప ఆయన కోట దాటడు.

కోటలో అడుగుల చప్పుడు వినిపించకుండా నేలంతా మెత్తటి బొంతలు పరిచారు. రాజు సింహాసనంమీద కూర్చుని బెల్లపు అచ్చులు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటున్నాడు. సభలో ఎవరైనా ఏదైనా చెప్పుకోవాలంటే పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు ద్వారపాలకుడి చెవిలో చెప్పాలి. అతను దండనాయకుడి చెవిలో, దండనాయకుడు మంత్రి చెవిలో, మంత్రి రాజు చెవిలో చెబుతారు.

నూకాలు రొప్పుతూ ద్వారపాలకుడి చెవిలో చెప్పింది: "డప్పులు ఆపించేసినాక పాములు తప్పుకోడం లేదు బాబూ. నా పెనిమిటిని కరిసేసింది. పేణం పోతంది. వైద్యుణ్ణి అంపించండి."

ద్వారపాలకుడు దండనాయకుడి చెవిలో, "ఈమె భర్తను పాము కరిచిందట. వైద్యుడు కావాలట" అన్నాడు. డప్పుల సంగతి మింగేశాడు.

దండనాయకుడు మంత్రి చెవిలో, "ఈమె భర్తకు కొంచెం నలతగా ఉందట" అన్నాడు. పామునే మింగేశాడు!

అనుకూలయ్య రాజు చెవి దగ్గర వంగాడు. "ప్రభూ, ఒక పల్లె పడుచు తమ దర్శనానికి వచ్చింది. రాజ్యం ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పుకుని మురిసిపోతోంది" అని తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

సభ అంత నిశ్శబ్దంగా ఉంది కనుక ఆ గుసగుస గుమ్మం దగ్గరున్న నూకాలుకూ వినిపించింది. తను చెప్పిందేమిటి, రాజు విన్నదేమిటి! అక్కడ మొగుడి ప్రాణం గడియ గడియకూ జారిపోతోంది. ఒక్క కేక వేసి నిజం చెప్పేద్దామనుకుంది. కేక వేస్తే తనను ఈడ్చుకుపోతారు. అప్పుడు వైద్యుణ్ణి అడిగేదెవరు? పళ్ళు బిగపట్టి నోరు మూసుకుంది.

సరిగ్గా అప్పుడు ఆమె కళ్ళు సింహాసనం కిందికి పోయాయి.

బెల్లం పొడికి ఎలుక వచ్చింది. ఎలుక కోసం నాగుపాము వచ్చింది. ఆ బొంతల మీద దానికి ఏ అడుగూ తెలియలేదు. మెల్లగా తల బయటపెట్టి, రాజు ఎడమ పాదానికి జానెడు దూరంలో ఆగింది. నూకాలు చుట్టూ చూసింది. దండనాయకుడి కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి. అనుకూలయ్య పెదవులు ఒడ్డున పడ్డ చేప నోరులా కదులుతున్నాయి, శబ్దం మాత్రం రావడం లేదు. అందరూ చూస్తున్నారు! రాజు ఒక్కడే చూడటం లేదు. సభ అంతా తన వైపు కళ్ళార్పకుండా చూస్తుంటే, తన తేజస్సుకు అబ్బురపడుతున్నారనుకుని మరో అచ్చు అందుకున్నాడు. కాలు ముందుకు చాచబోయాడు.

నూకాలు తన కోసం నొక్కుకున్న కేక అప్పుడు బయటపడింది.

"పామండీ బాబూ, పాము! మీ కాలికాడే ఉంది! కదపకండి! ఎవులూ కదలకండి!"

ఆ కేకకు కోట గోడలు దద్దరిల్లాయి. రాజు కాలు గాలిలోనే ఆగిపోయింది. పాము పడగ విప్పి ఇటూ అటూ చూసింది. ఎవరూ కదలలేదు. కాసేపటికి పడగ దించుకుని, గోడ వారగా పాకి, నీళ్ళు పోయే తూములోంచి బయటికి వెళ్ళిపోయింది.

రాజు చేతిలో బెల్లపు అచ్చు చెమటకు కరిగిపోతోంది.

అనుకూలయ్య గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఈమె కేక వేసింది. శాసనం ప్రకారం పొద్దు గుంకేలోగా రాజ్యం..."

రాజు అతని వైపు తిరిగాడు. "మంత్రీ, పామును నువ్వు చూశావా?"

"చిత్తం ప్రభూ."

"ఎప్పుడు చూశావు?"

"తమరు రెండో అచ్చు ఆరగిస్తున్నప్పుడు ప్రభూ."

"ఇది ఏడోది! మరి చెప్పలేదేం?"

"కేకలు నిషేధం కదా ప్రభూ. తమ చెవిలో చెబుదామంటే, అక్కడికి రావాలంటే పాము అడ్డం."

రాజు సభ అంతా కలియజూశాడు. "ఇంకా ఎవరెవరు చూశారు?"

ఒక తల వంగింది. పక్కనే మరో తల వంగింది. చూస్తుండగా సభలోని తలలన్నీ వంగాయి. కోమలవర్మ జన్మలో ఎన్నడూ అంత దిగ్భ్రమ చెందలేదు. తన ఉప్పు తిన్నవాళ్ళందరూ తను చచ్చిపోవడం చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ నోళ్ళు కుట్టిపెట్టిందీ తనే.

"అమ్మా," అన్నాడు రాజు, "నువ్వు ఏం చెప్పుకోవడానికి వచ్చావు? నాకే చెప్పు. గట్టిగా చెప్పు."

నూకాలు గానుగెద్దు సంగతి చెప్పింది, కుమ్మరి వేళ్ళ సంగతి చెప్పింది, మొగుడి సంగతి చెప్పింది. ఆమె మాట పూర్తి కాకముందే రాజు రథం కట్టించాడు. వైద్యుణ్ణి ఎక్కించుకుని తనూ ఎక్కాడు. తప్పుకోండి, తప్పుకోండి అని దారి పొడుగునా రాజే అరిచాడు.

వైద్యుడు కట్టు చూసి, "కదలనివ్వకుండా ఉంచారు, మంచి పని చేశారు" అని మందుల సంచి విప్పాడు. ఆ పూటంతా సన్యాసి ప్రాణం తాటిమట్టకు కట్టిన ఉయ్యాలలా అటూ ఇటూ ఊగింది. రాజు గట్టుమీద మట్టిలోనే కూర్చుని చూశాడు. ఎట్టకేలకు సన్యాసి కళ్ళు విప్పి, "కూసింత గంజి ఉందేటే?" అన్నాడు. నూకాలు భోరున ఏడ్చింది, ఈసారి గొంతు నొక్కుకోకుండా.

శాసనాలు మూడూ అక్కడికక్కడే రద్దయ్యాయి. ఇకమీదట కొలువుకు రానక్కరలేదని అనుకూలయ్యకు కబురు వెళ్ళింది. దానికీ అతను "చిత్తం ప్రభూ" అన్నాడట!

రాజు వెళ్ళేముందు నూకాలును అడిగాడు: "అమ్మా, నా మూలాన నీ భర్త చావు దాకా వెళ్ళాడు. నోరు మూసుకుని ఉంటే నీ పగ తీరేది. అరిస్తే నువ్వే రాజ్యం విడిచి పోవాల్సి వచ్చేది. అయినా ఎందుకు అరిచావు?"

నూకాలు వింతగా చూసింది.

"పాము కనబడితే అరుత్తాం బాబూ. అది ఎవులి కాలికాడుందో సూసుకుని అరుత్తామేటి?"

రాజు తల వంచుకున్నాడు.

కనుక పిల్లలూ, ఆపదను చూసి అరిచినవాడే ఆప్తుడు. ఆ అరుపును వద్దన్నవాడు తన ఇంట్లోకి తానే పామును పిలుచుకున్నవాడు.