దిష్టి చుక్క పెట్టిన దస్త్రాలు

ఒక రాజుగారికి రోజూ పొద్దున్నే తన గదిలో ఏయే దస్త్రాలున్నాయో వినే అలవాటుంది. వాటి పేర్లు చదవడానికి ఒక మనిషి ఉండేవాడు. దస్త్రం విప్పడం అతని పని కాదు, పైనున్న పేరు చదవడమే.

ఉత్త పేర్లు వినీ వినీ రాజుగారు ఆవలించేవారు. కొలువు ఊడుతుందేమోనని అతనికి గుబులు పట్టుకుంది. అందుకని ఒకనాడు దస్త్రాలకు రంగు గుడ్డలు చుట్టాడు. పంటలకు పచ్చ, పెళ్ళిళ్ళకు పసుపు, ఆపదలకు ఎరుపు. పెద్దవి ముందు కావాలంటే పెద్దవి, కొత్తవి కావాలంటే కొత్తవి, ఎలా అడిగితే అలా పేర్చి చదివాడు.

రాజుగారి మొహం విచ్చుకుంది. "ఆ ఎరుపు మాత్రం కంట్లో గుచ్చుకుంటోందయ్యా," అన్నారు.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రాజకుటుంబపు జాతకాలకు ఎవరి కన్నూ పడకుండా కాటుకతో దిష్టి చుక్క పెడతారు. "చుక్కలతో సహా" అని రాజుగారు నోరు తెరిచి అడిగితే తప్ప చుక్క ఉన్నదాన్ని బయటికి తీయకూడదు, చదవకూడదు. మన తెలివైనవాడు ఎర్ర దస్త్రాలన్నిటికీ తలా ఒక చుక్క పెట్టేశాడు. గది పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. అతనికి శాలువా కప్పారు.

వానలు మొదలయ్యాయి. ఏటి గట్టు కాపలావాడు రోజుకో దస్త్రం పంపసాగాడు. అన్నిటి మీదా పేరు ఒకటే, "గట్టుకు బీట". అన్నిటికీ ఎర్రగుడ్డే, అన్నిటికీ చుక్కే. పన్నెండోదానికి చుక్క పెడుతూ పేరు మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. ఆ గట్టు కిందే అతని ఇల్లు. అన్నం సయించడం మానేసింది.

చివరికి గుండె చిక్కబట్టుకుని, ఏలినవారు ఈ ఒక్కరోజుకు చుక్కలతో సహా అడిగితే బాగుంటుందేమోనని మనవి చేసుకున్నాడు.

"ఇంత అందమైన గదికి మన చేత్తో మనమే దిష్టి తగిలిద్దామా?" అని రాజుగారు నవ్వారు.

అతను శాలువా సర్దుకుని పచ్చవీ పసుపువీ చదివాడు. చదవడం అయ్యాక ఇంటికి పరుగెత్తాడు.

వాకిట్లో నీళ్ళు చీలమండల దాకా వచ్చేశాయి. పిల్లనెత్తుకోమని భార్య అరుస్తోంది. అతని చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ నడుముకున్న కాటుక భరిణె మీదికి పోయింది. గడప మీద నిలబడ్డ కూతురి బుగ్గన పెద్ద చుక్క పెట్టాడు.

"నాన్నా, ఇంక ఏరు నన్ను చూడదా?" అంది పిల్ల.

ఏరు గడప దాటింది. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తడుముతూ వచ్చింది, చుక్కలతో సహా.