గానుగెద్దు ఎక్కిన ఉరుముబండి

ఈ కథ చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ చుట్టుపక్కల లేడు. తెల్లవారాలంటే సూర్యుడు ఎవరి కూత కోసం కొండ వెనక చేతులు కట్టుకుని నిలబడతాడో, ఆ కోడిపుంజును నేనే. ఒకసారి జలుబు చేసి నేను కూయకపోతే మూడు రోజులు తెల్లారలేదు. నమ్మనివాళ్ళు గుడ్లగూబను అడగండి. తన బతుకులో ఆ మూడు రోజులే పండగని కళ్ళు తిప్పుతూ చెబుతుంది. సరే, సొంత డప్పు కొట్టుకోవడం నాకు చేతకాని పని. కథలోకి వస్తాను.

అడవికీ జొన్నచేలకీ నడుమ కేరింతల తోట అని ఓ చిన్న పార్కు ఉండేది. ఎలుగుబంటి గుబురయ్య దాని యజమాని. ఓ జారుడుబల్ల, ఓ ఊయల, ఓ రంగులరాట్నం, అంతే ఆయన ఆస్తి. ఆ రాట్నాన్ని తిప్పేవాడు ఓబులేసు అనే ముసలి ఎద్దు. అంతకుముందు నూనె గానుగ తిప్పేవాడు. కళ్ళకు గంతలు కట్టుకుని గుండ్రంగా నడవడం తప్ప మరో దారి ఎరగని మనిషి. గేటు దగ్గర నిలబడి జనాన్ని పిలిచే కొలువు నాది. నేను "రండి బాబూ రండి" అని కూస్తే ఏటికి అవతల ఉన్న చేపలు కూడా ఒడ్డెక్కి నడిచి వచ్చేవి.

ఆ ఏడు గుబురయ్య కొత్త రోలర్ కోస్టర్ తెప్పించాడు. పేరు ఉరుముబండి. మామూలు రోలర్ కోస్టర్ ఏం చేస్తుంది? మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ మెట్లెక్కినట్టు గొలుసు పట్టుకుని మెల్లగా పైకెక్కి, అక్కణ్ణుంచి జారుతుంది. ఇది ఆ బాపతు కాదు. బండికి కొండచిలువంత లావు రబ్బరు మోకు కట్టి ఉంటుంది. మోకు రెండో కొస గానుగకు చుట్టి ఉంటుంది. గానుగ తిప్పేకొద్దీ మోకు బిగుస్తుంది. బిగువు నిండగానే గంట దానంతటదే మోగుతుంది. అప్పుడు మీట లాగితే, పంగలకర్రలోంచి గులకరాయి పోయినట్టు ఒక్క తోపు! ఎదురుగా ఇనుప కొండ. దాన్ని దాటితే అవతల మెలికలే మెలికలు. ఆ కొండ ఎంత ఎత్తంటే, దాని కొన మీద వాలిన మేఘాలను రోజూ పొద్దున్నే నేనే అదిలించేవాణ్ణి.

బండి వచ్చిన రోజునే ఓబులేసు గుబురయ్య దగ్గరకు వెళ్ళాడు.

"మామా, ఒక్క మాట."

"జొన్నచొప్ప చాలలేదా?"

"చొప్ప సంగతి కాదు. ఇన్నేళ్ళుగా నా చుట్టూ పిల్లలు కేరింతలు కొడుతుంటే వింటున్నాను. గంతల మూలాన ఏమీ చూడలేదు. ఏం చూసి అట్లా అరుస్తారో ఒక్కసారి చూడాలని ఉంది."

గుబురయ్య మనసు తేనెపట్టు లాంటిది. పైన ఈగల రొద, లోపలంతా తీపే. "ఓస్, అంతేనా! మొదటి సవారీ నీదే, ముందు సీటు నీదే. ఆ రోజు నీకు గానుగ లేదు, గంతలు లేవు. కాడి నేను మోస్తాను, పో!" అన్నాడు.

ఆనాటి నుంచి ఓబులేసు నడకలో చిన్న గెంతు కనిపించేది. రాట్నం మీది గుర్రాలన్నీ ఆ గెంతుకు ఉలిక్కిపడేవి.

ఇక అడవిలో నిద్ర ఎవరికి? బండి మీద కప్పిన పట్టాను చూడటానికే రోజూ తిరునాళ్ళలా జనం. దాన్ని ఎక్కితే తల వెనక్కీ తోక ముందుకూ వస్తుందని ఒకరు, మచ్చల జింక మచ్చలు రాలిపోతాయని మరొకరు. గొర్రెలన్నీ ఓ చోట చేరి భయపడటం సాధన చేశాయి. బాతులు వంతులవారీగా కెవ్వుమన్నాయి. తాబేలు తాత పదిరోజుల ముందే ఇంటి నుంచి బయల్దేరాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని, బండి కదలకముందే ఈ కేకలేమిటర్రా!" అని మేక మంగతాయారు అందరినీ తిట్టింది. తిడుతూనే వరసలో నిలబడింది.

ఆ వరసను చూసి కడుపు మండినవాడు ఒక్కడే, నక్క నాగభూషణం. వరసలో చివర నిలబడటం నక్కలకు పుట్టుకతో రాని విద్య. పైగా ముందు సీటు ఎద్దుకని తెలిసి తోక కొరుక్కున్నాడు. ఆ సాయంత్రం చావు కబురు తెచ్చినవాడిలా ముఖం వేలాడేసుకుని గుబురయ్య ముందు కూలబడ్డాడు.

"ఏమయ్యా నాగభూషణం, ఒంట్లో బాగాలేదా?"

"నా ఒంటికేం మామా. నీ పార్కు తలుచుకుంటేనే దిగులు. మొదటి సవారీ అంటే బోణీ. అవునా?"

"అవును."

"బోణీ చెయ్యి మంచిది కావాలా, అక్కర్లేదా?"

"కావాలి మరి!"

"ఓబులేసు బంగారం, నేను కాదనను. కానీ గానుగెద్దు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎంత నడిచినా బయల్దేరిన చోటే తేలాడు. అలాంటివాడు బోణీ చేస్తే నీ బండి గతేమిటి? అదీ బయల్దేరిన చోటికే వస్తుంది! నీ వ్యాపారమూ అక్కడే తిరుగుతుంది!"

గుబురయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆయన పిల్లి తుమ్మినా తేనె తాగడం మానేసే రకం. "అయితే ఎవరితో చేయించమంటావు?"

నక్క కళ్ళు మూసుకుని, లోపలెక్కడో పంచాంగం తిరగేస్తున్నట్టు పెదవులు కదిపాడు. "పంచకల్యాణి గుర్రం అయితే శ్రేష్ఠం. మన ఊళ్ళో లేదు. తర్వాత శ్రేష్ఠం నక్క. నక్క తోక తొక్కితే అదృష్టమని ఊరికే అన్నారా? తోకకే అంత మహిమ ఉంటే, తోకతో పాటు నక్క మొత్తం ఎక్కితే! చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. దిష్టి గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని ఒంటరిగా కూర్చోవాలి. కష్టమే. నీ కోసం నేను పడతాను."

మర్నాడు గుబురయ్య నేల చూస్తూ ఓబులేసుకు సంగతి చెప్పాడు. ఎద్దు నెమరు వేయడం ఆపేశాడు.

"మరి గానుగ ఎవరు తిప్పుతారు మామా?"

"అదీ... నువ్వే తిప్పాలి నాయనా."

"సరే," అన్నాడు ఓబులేసు. అంతే అన్నాడు. కానీ ఆనాటితో నడకలో గెంతు పోయింది.

"ఎద్దు పుండు కాకికి నొప్పా! బోణీ బోణీ అంటూ ఆ నక్క నీ నోటి దగ్గర కూడు లాక్కుంటుంటే, అట్లా చూస్తూ ఊరుకుంటావేమన్నా?" అని మంగతాయారు రుసరుసలాడింది.

"ఇన్నేళ్ళు ఆగాను తల్లీ. ఆగడం ఒక్కటే నాకొచ్చిన పని," అన్నాడు ఎద్దు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. నేను కూసిన కూతకు సూర్యుడు కంగారుపడి ఓ జాము ముందే లేచాడు. వరస గేటు దాటి, జొన్నచేలు దాటి, ఏటి ఒడ్డు దాకా పోయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గులాబీ రంగు తలపాగా చుట్టుకుని నాగభూషణం ముందు సీట్లో కూర్చున్నాడు. గుబురయ్య తన తలకాయ కంటే పెద్ద గుమ్మడికాయ తెచ్చి అతని ఒళ్ళో దించాడు.

"అబ్బా! ఇంత పెద్దదా మామా?"

"దిష్టి పెద్దది కదయ్యా. నువ్వేగా చెప్పావు."

ఓబులేసు గంతలు కట్టుకుని గానుగ తిప్పడం మొదలుపెట్టాడు. మోకు మూలిగింది. ఒక చుట్టు, మరో చుట్టు. జనం మెడలు సాచి చూశారు. గంట ఇంకా మోగలేదు.

నాగభూషణం సీట్లో అటూ ఇటూ కదిలాడు. "ఏమిటా నత్త నడక! జనం చూస్తున్నారు. ఇంకెంతసేపు?"

"గంట మోగాలి నక్కబావా. సగం కూడా బిగియలేదు," అన్నాడు ఎద్దు, నడుస్తూనే.

"నీ నడకను నమ్ముకుంటే ముహూర్తం పోతుంది! మామా, మీట లాగు!"

గుబురయ్య మీట పట్టుకుని గంట వైపు చూశాడు. "గంట మోగలేదు కదయ్యా?"

"ఆలస్యం అమృతం విషం! బోణీ చేసేది నేనా, గంటా?"

ఓబులేసు ఆగాడు. మెడ ఎత్తి, వరస చివరి దాకా వినబడేలా అడిగాడు. "అందరూ విన్నారుగా? గంట మోగకముందే లాగమంటున్నది నక్కబావే. అవునా బావా?"

"అవును! నేనే! లాగు!"

గుబురయ్య కళ్ళు మూసుకుని లాగాడు.

ధన్ మని పేలింది. నిమ్మకాయలు చితికాయి. బండి దూసుకుపోయింది. గుమ్మడికాయ నక్క కడుపులో దిగబడింది. "ఓహో!" అని మొదలుపెట్టిన అరుపు "ఓయమ్మో" అయింది. బండి కొండెక్కింది, ఎక్కింది, సరిగ్గా కొన దగ్గర నిలబడిపోయింది. నక్క ముక్కు మాత్రం అవతలికి తొంగిచూసింది. ఆ క్షణంలో అడవిలో ఆకు కదలలేదు. నేను ఒక్క రెక్క అడ్డంపెట్టి ఆపేవాణ్ణే. కానీ ఆ రోజే కొత్త ఈకలు దువ్వుకున్నాను, నలుగుతాయని ఊరుకున్నాను.

బండి వెనక్కి జారింది.

వచ్చిన దారినే, వీపు ముందుగా, బయల్దేరిన చోటు దాటి వెనకనున్న చిన్న గట్టెక్కి, మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. ఉయ్యాల్లో పసిపిల్లవాడిలా నాగభూషణం ఊగాడు. గుమ్మడికాయ ఒళ్ళోంచి లేచి ముఖానికి తగిలి బద్దలైంది. చివరికి బండి ఎక్కడ బయల్దేరిందో అక్కడే ఆగింది. నక్క తలమీద తలపాగా లేదు. దాని స్థానంలో గుమ్మడి డిప్ప ఉంది. మీసాల నిండా గింజలు.

అయినా నక్క నక్కే. డిప్ప కింద నుంచే అరిచాడు. "చూశారా! నేను చెప్పలేదూ! ఎద్దు చెయ్యి పడింది, బండి బయల్దేరిన చోటికే వచ్చింది!"

మంగతాయారు వరసలోంచి గడ్డం ఊపింది. "ఏ బండైనా బయల్దేరిన చోటికే రావాలి కదయ్యా! రాకపోతే మేం ఇళ్ళకెట్లా పోతాం? కొండ దాటి రావాలి, అంతే. నువ్వు దాటకుండా వచ్చావు. మరి బోణీ అయినట్టా, కానట్టా?"

"కానట్టే!" అంది వరస మొత్తం. ఆ అరుపుకు గుబురయ్య బుర్రలో దిష్టి కూడా దిగిపోయింది. ఆయన ఎద్దు మెడ మీది కాడి తీసి తన భుజాన వేసుకున్నాడు. గంతలు విప్పాడు.

"ఎక్కు నాయనా. ఆలస్యం చేశాను."

"నాకోసం నువ్వొక్కడివే తిప్పుతావా మామా?"

అప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు. కానీ ఇది మాత్రం రవ్వంత కూడా పెంచి చెప్పడం లేదు. మొదట మేక వరస వదిలింది. తర్వాత జింకలు, గొర్రెలు, బాతులు. చోటు పోతుందని ఎవరూ చూసుకోలేదు. అందరూ గానుగ దూలానికి భుజాలు ఆనించారు. నేను దూలం ఎక్కి కూర్చుని బరువు తగ్గించాను. తిప్పారు, తిప్పారు. తొందరపడమని ఎవరూ అనలేదు.

గంట మోగింది.

ఓబులేసు రెండు సీట్లు నింపి కూర్చున్నాడు. మీట కదిలింది. బండి కొండ కొనకెక్కి, దాటింది! అవతలి నుంచి ఒక రంకె వినబడింది. జన్మలో గొంతెత్తని ఎద్దు వేసిన రంకె. ఏరు ఆగి విన్నది. దాని ముందు నా కూత దిగదుడుపు. ఈ మాట నా నోట రావడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.

బండి మెలికలన్నీ తిరిగి వచ్చి ఆగింది. అందరూ మూగారు. "ఏం చూశావన్నా?"

"ఏరు," అన్నాడు ఓబులేసు, కళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టు. "రోజూ నేను నీళ్ళు తాగే ఏరే. అంత పొడుగుందని ఎవరూ చెప్పలేదు."

"తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చావు కదా!" అని దూరం నుంచి నక్క గొణిగాడు.

"వచ్చాను బావా. కళ్ళు తెరుచుకుని వచ్చాను." గుబురయ్య వైపు తిరిగి, "మళ్ళీ ఎక్కొచ్చా మామా?" అన్నాడు.

నాగభూషణం తలమీది డిప్ప ఊడబెరుక్కుంటూ, మళ్ళీ కట్టిన వరస చివరకు నడిచాడు. ఏటి ఒడ్డున అప్పుడే చేరుకున్న తాబేలు తాత వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం నాయనా, మొదలైందా?"

"అయింది తాతా."

"హమ్మయ్య, సమయానికే వచ్చానన్నమాట. నా వెనక నిలబడు. తోయకు."

నీతి: ఆత్రగాడికి బుద్ధి మట్టు, వరస దాటి ఎక్కినవాడు కొండ దాటలేడు.