ఒట్టు తీసి గట్టున పెట్టు

అనగనగా ఒక ఊళ్ళో ఒక గోనె మిల్లు. ఆ ఊరు ఎంతుండేదంటే, మిల్లు కూత ఎంత దూరం వినిపిస్తే అంతుండేది. జనం కూతకి లేచేవాళ్ళు, కూతకి తినేవాళ్ళు, కూతకి దీపం పెట్టేవాళ్ళు. ఊ కొట్టు మరి. నువ్వు ఊ కొట్టకపోతే కథ నడవదమ్మలూ.

ఆ మిల్లులో మగ్గాల మోత ఇంతా అంతా కాదు. పక్కన నిలబడి పేరు పెట్టి అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడ పనిచేసే ఆడవాళ్ళు నోటికి సెలవిచ్చేసి చేతులతో మాట్లాడుకునేవాళ్ళు.

రెండు చూపుడువేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగిందని. మూతి మీద లేని మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్తని. ఇవాళ ఏం కూర, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఇవన్నీ కూడా చేతులతోనే. మేస్త్రీ ఎదురుగా నిలబడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

అన్నిటికన్నా పెద్ద సైగ ఒకటుండేది. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి కత్తెరలా అడ్డం పెట్టడం. ఎవరికో దెబ్బ తగిలింది, మగ్గం ఆపు అని. అది ఎవరు చూసినా ముందు మగ్గం ఆపెయ్యాలి. ఎందుకు, ఏమిటి, నిజమేనా అన్న అడగడాలన్నీ మగ్గం ఆగాకే. తీరా చూస్తే ఏమీ లేకపోయినా, ఆపమన్నదాన్ని ఎవరూ తిట్టకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

ఆ మిల్లులో పైడమ్మ అని ఒకావిడ. ఆవిడకి నాలుగేళ్ళ కూతురు, వరహాలు. పైడమ్మ ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మగ్గాలు ఆడుతూనే ఉండేవి. అందుకని కూతురితో సగం నోటితో, సగం చేతులతో మాట్లాడేది. వరహాలూ అంతే, మిల్లు సైగలన్నీ పట్టేసింది. గుమ్మంలోంచే చేతులు తిప్పి అన్నం అడిగేది.

"ఇది కొంపా, బొమ్మలాటా?" అనేది వాళ్ళ మామ్మ. "ఒలే గుంటా, దేవుడు నోరిచ్చాడు గదే, వాడుకోయే!"

మిల్లు గోడ పక్కన పెంకుల కప్పుతో ఒక బాలబడి ఉండేది. తల్లులు మగ్గాల దగ్గరికి పోతే పిల్లలు అక్కడికి పోయేవాళ్ళు. కాంతమ్మ పంతులమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ బడి పిచ్చుకల గూడే. పలకలు బర్రుమనేవి. ఒకడు పాడుతుంటే ఇంకొకడు ఏడిచేవాడు. విస్తరాకు ముక్కలో వేడివేడి ఉప్మా, ఒళ్ళో చోటుకి కొట్లాట. ఆవిడ చీర కొంగు ఎప్పుడూ ముక్కులు తుడిచీ తుడిచీ తడిసే ఉండేది.

ఆ తర్వాత కాంతమ్మ పంతులమ్మ పెద్దదైపోయి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు సూరమ్మ వచ్చింది.

సూరమ్మ చీర మీద ఒక్క మరక ఉండేది కాదు. వచ్చీ రాగానే పిల్లలందరికీ ఒకటే నేర్పింది. "నోటి మీద వేలు!" అంటే చాలు, అందరూ నోటి మీద వేలేసుకుని బొమ్మల్లా కూర్చునేవాళ్ళు.

పగలంతా మగ్గాల మోతలో ఉండి వచ్చే తల్లులకి ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉండేదో! "ఏం మందేసావు సూరమ్మా? మా గుంటలు ఇంట్లో అయితే పెంకులు లేపేస్తారు గదా!" అని మురిసిపోయేవాళ్ళు.

"మందేటమ్మా, ముద్దు. ముద్దుగా చెప్తే వినరేటి?" అనేది సూరమ్మ.

ఆ ముద్దు ఎలాంటిదో అంతా చెప్పనులే. కొంచెమే చెప్తా. ఏడ్చిన పిల్లని చొక్కా చెయ్యి కింద, పైకి కనపడని చోట గట్టిగా గిచ్చేది. అప్పటికీ ఏడుపు ఆపకపోతే బడిలోనే ఉన్న గోనెల గదిలో పెట్టి తలుపేసేది. ఆ గదికి కిటికీ లేదు. ఆ తర్వాత తలుపు తీసి, కళ్ళు తుడిచి, ఒట్టు వేయించుకునేది. "నోరు విప్పనని ఒట్టెయ్యి. విప్పావో, మీ అమ్మని మిల్లులోంచి తీసేస్తారు. ఆ తర్వాత మీకు బువ్వుండదు."

వరహాలు ఒకరోజు మామ్మ కావాలని ఏడ్చింది. అంతే. గిచ్చుడయ్యింది, గోనెల గదయ్యింది, ఒట్టయ్యింది.

మరి చేతులతో చెప్పొచ్చు కదా అంటావా? నాలుగేళ్ళ పిల్లమ్మా. భయమేస్తే పెద్దవాళ్ళకే కాళ్ళూ చేతులూ ఆడవు.

కానీ పిల్లలు చెప్పకుండా ఉండలేరు. నోరు మూసినా ఇంకెక్కణ్ణుంచో చెప్తూనే ఉంటారు.

మొదట వరహాలు నీళ్ళు పోసుకోనంది. చొక్కా విప్పనివ్వలేదు. "చలేస్తందేమో," అంది మామ్మ.

ఆ తర్వాత పొద్దున్నే బడికి బయల్దేరదీస్తే గుమ్మాన్ని కావలించుకుని వదల్లేదు. "దిష్టి. గుంట బొద్దుగా ఉంది గదా, ఎవత్తి కళ్ళో పడ్డాయి," అంది మామ్మ. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం వరహాలు తన గుడ్డబొమ్మని బియ్యం డబ్బాలో పెట్టింది. మూత పెట్టింది. మూత దగ్గరికి వంగి, నోటి మీద వేలేసుకుని "ష్" అంది.

మామ్మ నవ్వింది. పైడమ్మ నవ్వలేదు. డబ్బా మూత తీసి బొమ్మని బయటికి తీసింది. "బొమ్మనెందుకే దాచావు?" అని అడిగింది. వరహాలు ఆ వేలు నోటి మీంచి తియ్యలేదు.

పైడమ్మ మనసులో ఏదో తెగింది. అది ఏ పోగో ఆవిడకి తెలీలేదు. తెల్లారి పనికి పోయింది గానీ కళ్ళు మగ్గం మీద నిలవలేదు. మధ్యాహ్నం కూత కుయ్యగానే, రోజూలాగా మిల్లులోనే క్యారేజీ విప్పకుండా, తిన్నగా బాలబడికి నడిచింది.

ఆ పొద్దుటే బడిలో ఒక కొత్త పిల్లాడు చేరాడు. గౌరీసు. మూడేళ్ళు కూడా నిండలేదు. వాడికి ఇంకా మాటలే సరిగ్గా రావు, ఏడుపు మాత్రం బాగా వచ్చు. వరహాలు తన పలక ఇచ్చి ఊరుకోబెట్టింది. కాసేపే ఊరుకున్నాడు. అప్పుడు సూరమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని లేపి గోనెల గదిలోకి తీసుకుపోయింది. ఒక్కతే తిరిగొచ్చింది. గడియ పెట్టింది.

వరహాలుకి ఆ చీకటి తెలుసు. లోపల దుమ్ముకి ఎలా దగ్గొస్తుందో తెలుసు. వాడికి ఒట్టెయ్యడం కూడా రాదు, మరి వాణ్ణి ఎలా బయటికి తీస్తారు? ఆ పిల్లకి వచ్చిన బెంగ అది.

అప్పుడే కిటికీ ఊచల అవతల పైడమ్మ కనిపించింది.

"రామ్మా పైడమ్మా! చూడు, ఎంత బుద్ధిగా ఉన్నారో!" అంది సూరమ్మ. పిల్లలందరూ వరసగా, నోటి మీద వేళ్ళతో.

వరహాలు అమ్మని చూసింది. సూరమ్మని చూసింది. నోరు విప్పనని ఒట్టేసింది కదా. మరి చేతులో? చేతులు విప్పనని ఎవరూ ఒట్టు వేయించుకోలేదు!

నెమ్మదిగా నోటి మీంచి వేలు తీసింది. రెండు చూపుడువేళ్ళూ కలిపి విడదీసింది.

పోగు తెగింది.

పైడమ్మ కిటికీలోంచి నవ్వింది. పిల్ల ఆడుకుంటోందనుకుంది.

అప్పుడు వరహాలు మూతి మీద మీసం మెలేసి, కళ్ళతో సూరమ్మ వైపు చూపించింది.

జాగ్రత్త.

పైడమ్మ నవ్వు ఆగిపోయింది.

అప్పుడు వరహాలు లేచి నిలబడింది. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి కత్తెరలా పెట్టింది. ఆ తర్వాత ఒక చెయ్యి దించి గోనెల గది తలుపు చూపించింది.

పైడమ్మ ఏమీ అడగలేదు. ఎందుకనీ అడగలేదు, నిజమేనా అనీ అడగలేదు. కిటికీ దగ్గర్నుంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి గది దగ్గరికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

"ఏటమ్మా ఇది? చిన్నగుంటల ఆటలు పట్టుకుని..." అంటూ సూరమ్మ తలుపుకి అడ్డం నిలబడింది.

"అడగడాలు తర్వాత," అంది పైడమ్మ. "ముందు తలుపు."

"లోపల గోనెలమ్మా, దుమ్ము..."

"జరుగు."

గడియ తీసింది. గోనెల మధ్య గౌరీసు ముడుచుకుని ఉన్నాడు. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయింది. పైడమ్మ వాణ్ణి ఎత్తుకుని గుండెకి అదుముకుంది. వాడి చొక్కా చెయ్యి పైకి తీసి చూసింది. ఆ తర్వాత కూతురి చొక్కా చెయ్యి పైకి తీసి చూసింది.

పిల్లలిద్దర్నీ చంకల్లో ఎత్తుకుని బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుంది. వరహాలు ఆవిడ చెవిలో, "నేను నోరు విప్పలేదమ్మా. ఒట్టు తప్పలేదు. నిన్ను తీసెయ్యరు కదా?" అంది.

పైడమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, "బయపెట్టి వేయించుకున్న ఒట్టు ఒట్టు కాదే నా తల్లీ. ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్," అంది.

"ఏ గట్టు?" అంది వరహాలు. మరి చిన్నపిల్లలకి అన్నీ సరిగ్గా చెప్పాలి కదా.

మిల్లు వెనకాల కాలవగట్టు ఉంది. వరహాలు అక్కడికి వెళ్ళి, గుప్పిట విప్పి, ఆ ఒట్టుని గట్టు మీద పెట్టింది. అది చూసి తక్కిన పిల్లలూ వచ్చారు. ఒక్కొక్కళ్ళే గుప్పిట విప్పారు. అందరి దగ్గరా ఒక్కో ఒట్టు ఉంది! సంగతి తెలిసి తల్లులు అప్పటికే పరిగెత్తుకొచ్చారు. అది చూసి నిలబడిపోయారు. తమని సేద తీర్చిన ఆ నిశ్శబ్దం ఏమిటో అప్పుడు అర్థమయ్యింది వాళ్ళకి.

ఆ తర్వాత పని కూత కూసింది. ఒక్క మగ్గమూ ఆడలేదు. మేస్త్రీ నిజం మీసమే మెలేసుకుంటూ వచ్చి, "ఏటి, తిరనాలా? ఎందుకు ఆపారు?" అన్నాడు.

ఆడవాళ్ళందరూ చేతులు నెత్తి మీదికెత్తి కత్తెరలా పెట్టారు. ఆ ఒక్క సైగ మాత్రం మేస్త్రీకీ తెలుసు. ఆయన మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

సాయంత్రానికి పోలీసులొచ్చి సూరమ్మని తీసుకుపోయారు. మళ్ళీ ఆవిడ ఏ ఊళ్ళోనూ పిల్లల దగ్గర పనికి కుదరకుండా చూశారు. గోనెల గది తలుపు ఊడబీకి, దాంతో పిల్లలు కూర్చోడానికి బల్ల చేశారు. గోడకి కిటికీ కొట్టించారు. కొత్త పంతులమ్మ వచ్చింది. ఎంత మంచిదైనా సరే, ఆవిడ పక్కన రోజుకొక తల్లి వంతులవారీగా కూర్చునేది. పంతులమ్మే అలా కూర్చోమంది.

మామ్మ కూడా మారింది. పిల్ల బడికి పోనంటే ఉప్పూ మిరపకాయలూ తియ్యడం మానేసి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఏటైందే బంగారూ?" అని అడిగేది. జవాబొచ్చేదాకా అలాగే కూర్చునేది.

ఆ తర్వాత బడి మళ్ళీ పిచ్చుకల గూడయ్యింది. గౌరీసుకి మాటలొచ్చాయి. వాడు మొదలెట్టాక ఇంక ఎవరికీ సందు దొరికేది కాదు. పైడమ్మ పగలంతా మగ్గాల మోత విని కూడా, ఇంటికి పోయే ముందు బడి గుమ్మంలో చతికిలబడేది. ఆ గోల వింటూ కూర్చునేది. "చెవులకి ఎంత హాయిగా ఉందో," అనేది.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. ఆ కూతా లేదు. గోడ మీద తుమ్మలు మొలిచాయి. పైడమ్మా లేదు. ఆ చేతి మాటలు ఒకళ్ళిద్దరికే గుర్తున్నాయి.

వరహాలు ఏమైందంటావా? పెద్దదయ్యింది. పెళ్ళయ్యింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. కానీ నోటి మీద వేలేసుకోమని ఇంతవరకూ ఏ పిల్లనీ అనలేదు. ఎంత అల్లరి చేసినా సరే. నిన్నెప్పుడైనా అందా, చెప్పు?

ఏదీ, చేతులు పైకెత్తు. అలా కాదు, కత్తెరలా. ఆఁ, అదీ. రేపు నీ కొత్త బడికి నీతో పాటు ఆ చేతులు కూడా వస్తాయి. నువ్వు అలా పెట్టావంటే, కూర సగంలో ఉన్నా మీ అమ్మ స్టవ్వు ఆపేసి వచ్చేస్తుంది. ఈ మామ్మ చెప్పిందని కాదు. మీ అమ్మకీ ఈ కథ చెప్పే పెంచాను.

ఇంక కళ్ళు మూసుకో.

మిల్లు కూత ఆగింది, మగ్గం నిద్రపోయింది,
నోటి మీద వేలేమో బుగ్గ మీదికొచ్చింది.
ఒట్టు తీసి గట్టున పెట్టు,
మాట తెచ్చి అమ్మ చెవిన పెట్టు.
కథ నడిచి నడిచి కంచి చేరింది,
మన బంగారు మన ఇంట్లోనే ఉంది.