సన్న డిస్కు మీద సంతకం

వకుళ కాగితం తెచ్చి షమీమ్ ఆపా బల్ల మీద విసిరినంత పని చేసింది.

"చూడండి ఆపా. పదే పది నిమిషాలు. నేనూ చేయగలను."

బాలానగర్‌లో కంప్యూటర్లు బిగించే కంపెనీ అది. ఏ కొత్త రకం హార్డ్ డిస్కు వచ్చినా పరీక్షించి, పనికొస్తుందో లేదో రాసిచ్చేది ఆపా గది. ఇరవై రెండేళ్లుగా అక్కడ ఒకటే పద్ధతి. డిస్కును పూర్తిగా నింపాలి. నింపినదంతా తిరిగి చదివి, అక్షరం తేడా లేదని చూసుకోవాలి. ఒక్కో డిస్కుకు రోజున్నర.

పక్క గది కిషోర్‌కు అంత ఓపిక లేదు. ఖాళీ డిస్కు పెడతాడు, కాసేపు పరుగెత్తిస్తాడు, వేగం రాసేస్తాడు. ఖాళీ డిస్కు ఏదైనా పరుగెడుతుంది. నిండేకొద్దీ నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. బండారం అప్పుడు బయటపడుతుంది. ఆ సంగతి కిషోర్‌కూ తెలుసు. అయినా మేనేజర్ ఫణీంద్ర కంటికి చురుకైనవాడు అతనే.

ఈసారి పరీక్షకు వకుళ చేతికి వచ్చిన డిస్కు సన్నగా ఉంది, వేగంగా ఉంది. ఫణీంద్ర ముచ్చటపడిపోయాడు. ఆడ ఉద్యోగుల్లోనూ అతను చూసేవి ఆ రెండే. పొద్దున మీటింగులో అందరి ముందూ అన్నాడు: "వకుళా, పరీక్ష చేస్తున్నావా, పురుడు పోస్తున్నావా? సాయంత్రానికి రిపోర్టు రాకపోతే ఈ పని కిషోర్‌కిస్తా. నువ్వు వెళ్లి రిసెప్షన్‌లో కూర్చో. అక్కడ నవ్వితే చాలు."

పదిమంది నవ్వారు. నవ్వనిది ఆపా ఒక్కతే.

ఆ నవ్వు చెవుల్లో మోగుతుండగానే వకుళ ఖాళీ డిస్కు పెట్టింది. వేగం రాసింది. 'పనికొస్తుంది' అని సంతకం చేసింది.

ఆపా కాగితం వంక చూడలేదు. "ఎక్కడికి పోతాయివి?"

"ప్రసూతి ఆస్పత్రులకు. నాలుగొందల కంప్యూటర్లు. బాలింతల రికార్డులు పెడతారట."

"నీ పెన్‌డ్రైవ్ ఉందా?"

అది వకుళ బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. నిజామాబాద్‌లో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన వాళ్లమ్మ, పోయే ముందు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఏ సేటు ఏమన్నాడో, తను ఏం జవాబిచ్చిందో, అన్నీ అమ్మ గొంతులోనే. రెండో కాపీ తీద్దామనుకుంటూనే ఏడాది గడిచింది. ఒకసారి ఆపాకు వినిపించింది కూడా.

ఆపా ఆ సన్న డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించింది. లేచి, కుర్చీ వకుళ వైపు తోసింది.

"మీ అమ్మను ఇందులోకి మార్చు. మార్చి, పెన్‌డ్రైవ్‌లోది చెరిపెయ్."

"చెరిపెయ్యాలా?"

"పనికొస్తుందని రాశావుగా, బేటీ."

వకుళ పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఫైళ్లు కనిపించాయి. మౌస్ మీద వేలు పెట్టింది. వేలు కదల్లేదు.

కాసేపటికి పెన్‌డ్రైవ్ లాగేసి పిడికిట్లో పట్టుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పొద్దున్నుంచీ ఫణీంద్ర మీద రగిలిన కోపం తన సంతకం మీదికి మళ్లింది. అక్కడ కాసేపు మండి, మళ్లీ ఫణీంద్ర దగ్గరికే చేరింది. ఈసారి అందులో వణుకు లేదు.

కాగితం నిలువునా చింపింది. డిస్కును నింపడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఫణీంద్ర తలుపు తోసుకుని వచ్చాడు. "పది నిమిషాల్లో అయిపోయిందన్నారే! రిపోర్టేదమ్మా?"

"చింపేశాను సార్."

"ఏంటీ? ఆపా, మీరైనా చెప్పండి ఈ పిల్లకు!"

ఆపా కళ్లజోడు తుడుచుకుంటోంది.

"ఇంకెంతసేపు?" అన్నాడు వకుళతో.

"నిండేదాకా."

"రిసెప్షన్‌లో కుర్చీ ఖాళీగా ఉంది. గుర్తుంచుకో."

వకుళ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "అయితే కిషోర్‌కు చూపించండి సార్. ఖాళీగా ఉన్నవి అతనే బాగా పరీక్షిస్తాడు."

ఫణీంద్ర మొహం ఎర్రబడింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

ఆపా లేచి, అతని వెనకే తలుపు వేసి గడియ పెట్టింది.

"దుమ్మొస్తోంది," అంది.