మూడో బెజ్జం

చిట్టబ్బాయి మేస్త్రి అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. కాకినాడ రేవు దారిలో ఉన్న ఆయన షెడ్డులో తొమ్మిదేళ్లుగా కార్ల రేకుపని చేస్తున్న నూకరాజుకు ఆ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

సొంత షెడ్డు పెట్టుకుంటానని నూకరాజు అప్పటికి రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ మేస్త్రి "ఇంకా లేదురా" అని తన పనిలో పడ్డాడు. ఆయన సరేననకుండా షెడ్డు తెరిస్తే ఆ దారిలో ఒక్కడూ కారు అప్పగించడు. ఆ ఉక్రోషం కూడా ఉంది అతని మాటలో.

"మేస్త్రి గారూ, తలుపుకి బీడింగు పట్టీ బిగించడం పావుగంట పని. బెజ్జం వేసిన ప్రతిచోటా తుప్పు పట్టకుండా అంచుకి ప్రైమరు పూయమంటారు, ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోమంటారు. పట్టీ కిందకి పోయాక ఆ అంచు ఎవడికి కనబడుద్దండీ?"

మేస్త్రి వినబడనట్టే, సొట్ట తీయించుకోవడానికి వచ్చిన మందుల షాపు తారకం గారి కారు వైపు చెయ్యి చూపించాడు.

"ముందు ఆ తలుపు పట్టీ ఊడదియ్యి."

నూకరాజు ఊడదీశాడు. పట్టీ కింద వరసగా ఆరు బెజ్జాలు. అయిదింటి చుట్టూ రంగు పొక్కి, గోరు తగిలితే చాలు తుప్పు పొలుసులుగా రాలుతోంది. మూడో బెజ్జం ఒక్కటీ నిన్న వేసినట్టుంది.

మేస్త్రి వంగి చూశాడు. "అయిదింటిని తిన్న ఉప్పుగాలి దీన్నెందుకు వదిలేసిందిరా?"

నూకరాజు చెవులు వేడెక్కాయి. నాలుగేళ్ల కిందట ఆ పట్టీ బిగించింది తనే. మొదటి రెండు బెజ్జాల్లో ప్రైమరు లేకుండానే పట్టీ క్లిప్పులు దూర్చేసి మూడోదానికి వచ్చేసరికి మేస్త్రి టీ గ్లాసుతో వచ్చి వెనకాల నిలబడ్డాడు. అప్పుడే కుంచె చేతిలోకి వచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యి ఆయన వెళ్లిపోగానే కుంచె మళ్లీ డబ్బాలోకి పోయింది.

అతను గరుకు కాగితం తీసుకుని రేకు తెల్లగా మెరిసేదాకా తుప్పు గీకాడు. ప్రతి బెజ్జానికీ లోపలి అంచుతో సహా ప్రైమరు పూశాడు. ఆరేదాకా తలుపు పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. ఆశ్చర్యం, ఆ కూర్చోవడం ఆ రోజు బరువనిపించలేదు.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చి వేలితో ఒక్కొక్క అంచూ తడిమాడు. మూడోదాని దగ్గర వేలు ఆగింది. దాన్నీ గీకి, కొత్తగా పూసి ఉంది.

"ఇది బాగానే ఉందిగా. దీనికెందుకు దండగ?"

"అది మీకు భయపడి పూసిందండీ."

మేస్త్రి కుంచెను థిన్నరులో ముంచి కడిగి, తన లుంగీ చెంగుతోనే తుడిచి, నూకరాజు చొక్కా జేబులో పెట్టాడు.

"షెడ్డుకి మంచిరోజు చూసుకో" అన్నాడు.