అరవకుండా అడిగిన దీవెనమ్మ

కొత్తకోడు పేటలో దీవెనమ్మ అనే కూలిమనిషి ఉండేది. కష్టజీవే గాని, కోపం వస్తే ముందూ వెనకా చూసేది కాదు. కుళాయి దగ్గర తన బిందె పక్కకు జరిపారని ఒకసారి పక్కింటావిడ బిందెను రోడ్డుకేసి కొట్టింది. "దీవెనమ్మకు ప్రార్థన ఎంత గట్టిగా వచ్చో, తిట్టూ అంత గట్టిగా వచ్చు" అని పేటవాళ్లు నవ్వుకునేవారు.

ఒక ఏడు వానాకాలంలో విషజ్వరం వచ్చి ఆమె ఒక్కగానొక్క కూతురు రాహేలు చనిపోయింది. పదిహేడేళ్ల పిల్ల. భర్త అంతకుముందే పోయాడు. కాలవ పక్కన సమాధుల తోటలో, పేటవాళ్లు మూడు తరాలుగా తమవాళ్లను పెట్టుకుంటున్న చోటే, రాహేలునూ పెట్టారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక దీవెనమ్మ అక్కడికి వెళ్లేది. చెక్క సిలువకు బంతిపూలు కట్టి, కాసేపు కూర్చుని వచ్చేది. ఆ కాసేపు లేకపోతే ఆమెకు వారం గడిచేది కాదు.

ఒక ఆదివారం వెళ్లేసరికి తోట సగమే ఉంది. మిగతా సగాన్ని పొక్లెయినుతో తవ్వి రొయ్యల చెరువు చేసేశారు. పీకేసిన సిలువలు గట్టు పక్కన వంటకట్టెల్లా పోగుపడి ఉన్నాయి. రాహేలు సిలువ కూడా అందులోనే ఉంది. పోయిన వారం కట్టిన పూలు ఎండిపోయి దానికే వేలాడుతున్నాయి. రాహేలును పెట్టిన చోట ఇప్పుడు నిలువెత్తు మట్టిగట్టు ఉంది.

ఆ చెరువు పరాయివాడిదైనా బాగుండేది. అది ప్రభుదాసుది. ఆ పేటలోనే పుట్టి, పైకొచ్చి, మెయిన్ రోడ్డు మీద మేడ కట్టినవాడు. సంఘపెద్ద. గుడికి రేకుల కప్పు వేయించినవాడు, మైకు సెట్టు కొనిచ్చినవాడు. ఆదివారం మొదటి వరసలో నిలబడి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి పాడేవాడు. అలాంటి పెద్దమనిషి తన పేటవాళ్ల సమాధుల మీదికే పొక్లెయినును తోలాడు!

దీవెనమ్మ పరుగున పాస్టరు దేవసహాయంగారి ఇంటికి వెళ్లింది. సంగతి విన్నాక ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"అమ్మా, మనవాళ్ల ఆత్మలు ప్రభువు దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇక్కడున్నది మట్టే గదా. గొడవలు వద్దు, శాంతి సమాధానాలతో ఉండండి."

"మట్టా? నా బిడ్డ అయ్యగారూ అది!"

"నేను ఆయనతో మాట్లాడి చూస్తాలే" అన్నాడు పాస్టరుగారు.

రెండు వారాలు గడిచినా ఆయన మాట్లాడలేదు. గుడి కప్పు వేయించినవాడితో మాట్లాడటానికి ఆయనకు నోరు రాలేదు. చివరికి దీవెనమ్మే ప్రభుదాసు కారుకు అడ్డం నిలబడింది. అతను అద్దం సగం దించాడు.

"దీవెనా, రికార్డులో అది బంజరు. నీ దగ్గర కాగితం ఏమన్నా ఉందా? లేదు గదా. అయినా చచ్చిపోయినవాళ్లకు అంత జాగా ఎందుకు చెప్పు?" అని నవ్వి, అద్దం ఎత్తుకున్నాడు.

ఆ నవ్వు ఆమె గుండెలో మంట పెట్టింది. అన్నం సయించలేదు. ప్రార్థనకు మోకరిస్తే ఆ నవ్వే కళ్లముందు ఆడింది. మర్నాడు చెరువులో రొయ్యపిల్ల వదిలారని తెలిసింది. పనిచేసే పొలం పాకలో పురుగుమందు డబ్బా ఉంది. దాన్ని పమిట చాటున పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం కాపలావాడు అన్నానికి వెళ్లిన సమయం చూసి గట్టెక్కింది. మూత తీసింది. ఘాటైన వాసన ముక్కుకు కొట్టింది. ఒక్కసారి వంచితే చాలు, తెల్లారేసరికి చెరువంతా రొయ్యపిల్ల చచ్చి తేలుతుంది.

కానీ వంచలేదు. ఆమె ఆకాశంకేసి చూసి, కుళాయి దగ్గర తిట్టినట్టే దేవుణ్ని నిలదీసింది.

"ప్రభువా, ఇదంతా చూస్తూ కూర్చున్నావా? నీ పేరు చెప్పుకునేవాడే నా బిడ్డ మీద మట్టి పోశాడే! నువ్వు ఒక్క మాటన్నా అన్నావా? స్నేహితుడి సమాధి దగ్గర నువ్వూ ఏడ్చినవాడివే గదయ్యా, నా ఏడుపు నీకు తెలియదా?"

ఆ మాట అన్నాక ఆమె ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి గుడిలో విన్న బైబిలు సంగతే అది. కానీ ఆ రోజే మొదటిసారి విన్నట్టనిపించింది. ఇన్నాళ్లూ తాను ఒంటరిగా ఏడుస్తున్నాననుకుంది. ఒంటరిగా కాదని, ఆయన తనతో పాటు ఆ గట్టు మీదే కూర్చున్నాడని అనిపించింది. రాహేలు పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని లేచింది. కోపం మాత్రం పోలేదు. పోవాల్సిన కోపం కాదది. అయితే ఇప్పటిదాకా ఆ కోపం ఆమెను ఈడ్చుకెళ్లింది. ఇప్పుడది ఆమె చెప్పినట్టు వినేలా ఉంది. చెరువు నీళ్లు కలిసే కాలవలో పేట పిల్లలు ఈతకొట్టడం అప్పుడు ఆమె కంటపడింది. మందు పోసి ఉంటే అది వాళ్ల దాకా పోయేది. మూత బిగించి, డబ్బాను తీసిన చోటే పెట్టేసింది.

తరువాతి ఆదివారం గుడిలో, దేవుడు తమకు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో దీవెనమ్మ లేచింది. ఇక రభస తప్పదని అందరూ సర్దుకు కూర్చున్నారు. ఆమె గొంతు పెంచలేదు.

"ప్రభుదాసన్నా, మా రాహేలు నీ గట్టు కింద ఉంది. కరుణమ్మ పెద్దమ్మ నీ చెరువులో ఉంది. నిన్ను ఎత్తుకు పెంచిన మీ నాయనమ్మ కూడా అక్కడే ఉంది. వాళ్లను ఎక్కడ పెట్టావో చెప్పు."

ప్రభుదాసు ముఖం ఎర్రబడింది. పాస్టరుగారు గాభరాగా, "అమ్మా, ఇది దేవుని సన్నిధి. సమాధానంగా ఉండండి" అన్నాడు.

"సమాధానంగానే ఉన్నానయ్యగారూ. అందుకే అరవకుండా అడుగుతున్నాను. మీరూ అడగండి."

వెనక వరసలో ముసలి జక్రయ్య కర్ర ఆనించుకుని లేచాడు. నలభై ఏళ్లుగా పేటలో సమాధి గోతులు తవ్వింది ఆయనే. "ఎవరు ఎక్కడున్నారో నాకు తెలుసు. ఏ ఆఫీసుకైనా వచ్చి చెబుతాను" అన్నాడు. ఆయన వెనక ఒక్కొక్కరే లేచారు. చివరకు పాస్టరుగారు కూడా తలవంచుకుని, "నేనూ వస్తాను. ముందే రావలసింది" అన్నాడు.

తహసీల్దారు ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగారు. రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. దీవెనమ్మ కూలి మానుకుని వెళ్లింది, గుమ్మంలో కూర్చుంది, పిలిచేదాకా కదల్లేదు. ఎవర్నీ తిట్టలేదు. ఆఖరికి పాత పటం బయటికి తీయించారు. అందులో ఆ స్థలం శ్మశానమనే ఉంది. సర్వేయరు వచ్చి కొలిచాడు. చెరువు ఎండగట్టించి, గోతిని పూడ్పించారు.

అన్నీ తిరిగి రాలేదు. రెండు వరసల సమాధుల జాడ జక్రయ్యకు కూడా దొరకలేదు. ప్రభుదాసు క్షమాపణ అడగలేదు సరికదా, పట్నంలో ఇంకో గుడికి మారిపోయాడు. గట్టు తీసేసిన చోట దీవెనమ్మ కొత్త సిలువ పాతింది. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిని, హాయిగా నిద్రపోయింది.

నీతి: అన్యాయం ముందు నోరు మూసుకోవడాన్ని శాంతి అనుకోకూడదు, కోపాన్ని, కన్నీళ్లను దేవుని ముందు కుమ్మరించి, పగ లేని మనసుతో న్యాయం కోసం నిలబడినవారికే నిజమైన మనశ్శాంతి దొరుకుతుంది.