గాడిద ఏలిన ఆటకోట

పూర్వం ఒక రాజ్యంలో వీరభోజుడనే ఆస్థాన శిల్పి, పిల్లలు ఇళ్లూ కోటలూ కట్టుకునే చెక్కబిళ్లలు అమ్మేవాడు. వాటితో ఎవరేం కట్టినా అది తనదేనని ఆయన షరతు. కుమ్మరి సూరమ్మ కూతురు ఆ బిళ్లలతో ముచ్చటైన కోట కట్టి, వారం తిరక్కుండానే విషజ్వరంతో కన్నుమూసింది. ఆ కోటను రాజుగారికి చూపి మెప్పు పొందాలని వీరభోజుడు భటులను వెంటబెట్టుకొచ్చాడు.

"ఇందులో ప్రతి బిళ్లా, ప్రతి బొమ్మా తమదేనా అయ్యగారూ?" అని అడిగింది సూరమ్మ.

"అన్నీ నావే. నా పనితనమే!"

"అయితే సింహాసనం మీద బిళ్లలతో పేర్చిన గాడిద కూడా తమ పనితనమేనని రాజుగారికి చెప్పండి."

భటులు వంగి చూశారు. రాజుగారినే గాడిదను చేసినట్టవుతుందని తట్టి, వీరభోజుడు గబుక్కున వెనక్కి జరిగాడు.

"ఇది నాది కాదు! కట్టినవాళ్లదే!" అంటూ వచ్చిన దారి పట్టాడు.

ఆయన వెళ్లాక, తానే పేర్చిన ఆ గాడిదను సూరమ్మ తీసేసింది. అంతకుముందు అక్కడ కూతురు ఏం పేర్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి మట్టిబిళ్లలు కాల్చి వీధి పిల్లలకు పంచింది. అడిగినవాళ్లకల్లా బిళ్లలు చేసుకునే అచ్చు కూడా ఇచ్చి, "ఏం కట్టుకున్నా మీదే" అంది. ఆ తర్వాత చెక్కబిళ్లలు ఎవరూ ముట్టలేదు. కుమ్మరి ఇంట పుట్టి కూడా, ఆమె కూతురొక్కతే ఆ మట్టితో ఆడుకోలేదు.